చూపుడువేలి గీతలు

పంటుపేట కీబోర్డు పనిపుస్తకం. రాసేది పేరంటాలు, మీటలు కడిగే మనిషి.

ఒకటో రోజు

కొత్త కీబోర్డు వచ్చింది కాబట్టి పుస్తకం కూడా కొత్తది మొదలుపెట్టమన్నారు ఆశీర్వాదం మేస్త్రిగారు. కీబోర్డు మీద ఎవరు ఏ పని చేసినా ఇందులో ఎక్కాలి, అది పంటుపేట కట్టుబాటు. నేను మూడో తరగతి దాకా చదివాను. నా అక్షరాలు నాకు తప్ప ఎవరికీ అర్థం కావని మేస్త్రిగారు నవ్వుతారు, చదవకుండానే కింద సంతకం పెడతారు.

మామూలుగా మా కీబోర్డులు ఇక్కడే పుడతాయి. సముద్రంలో తేలివచ్చిన ప్లాస్టిక్కును కరిగించి, అచ్చుల్లో పోసి టోపీలు చేస్తాం. వేలు ఆనే పై ముక్కను టోపీ అంటాం. దాని కింద కాడ, కాడ కింద స్ప్రింగు. అచ్చులోంచి తీసిన టోపీకి అక్కడక్కడా పొంగులు మిగిలిపోతాయి. వాటిని చాకుతో చెక్కి నున్నగా చెయ్యడం ఇరవై రెండేళ్లుగా నా పని.

ఇది అలా పుట్టింది కాదు. నీళ్ల కింద మునిగిన గోదాములో సీలు విప్పని పెట్టెలో దొరికింది. పూర్వం జనం ఆటలాడుకోడానికి దీన్ని కొనుక్కునేవారట. ఉత్త ఆటలకి ఇంత పనితనమా! అడుగున అల్యూమినియం పలక, పొత్రమంత బరువు, తోసినా జరగదు. మీట నొక్కితే మధ్యలో ఎక్కడా తట్టుకోదు, వెన్నలో వేలు దిగినట్టు దిగి, అడుగు తాకకముందే పలుకుతుంది. పది వేళ్లూ ఒక్కసారి ఆన్చినా పదీ పలుకుతాయి. మా పాతది ఏడో వేలు పడితే మూగబోయేది. కింద ఉన్న పొడుగు మీటకు అడుగున సన్నటి తీగ ఉంది, ఏ కొసన నొక్కినా రెండు కొసలూ సమంగా దిగుతాయి. టోపీ మీద అక్షరాలు పైన పూసినవి కావు, తెల్ల ప్లాస్టిక్కు లోపలినుంచే అక్షరంలా పైకి వచ్చింది. టోపీ అరిగినా అక్షరం అరగదు. మీటల కింద రంగురంగుల దీపాలు కూడా ఉన్నాయి. మేము కీబోర్డును తుంపర తగలకుండా మైనపు గుడ్డ సంచిలో పెట్టి, చేతులు రెండూ సంచి తొడుగుల్లోంచి దూర్చి వాడతాం. సంచిలో దీపాలు ఎవరు చూడాలి? మేస్త్రిగారు వాటి తీగ పీకేశారు.

పంటుపేటలో అరవై పంట్లు, మనుషులు కాపురముండే బల్లకట్లు, పంటుకో మోటారు. అన్నిటినీ గొలుసులతో కట్టి ఊరంటున్నాం. ఊరు కదలాలంటే ఈ మీటలే. గాజు తెరలు ఉప్పునీటి వేలికి పలకవు, గాలిలో మన మాట మిషనుకు వినపడదు. మీట ఒక్కటే మోసం చెయ్యదు.

టోపీలన్నీ పీకి, మంచినీళ్ల గిన్నెలో కడిగి, వడియాలు పెట్టినట్టు గుడ్డ మీద వరసగా ఆరబెట్టాను. కాడలకు కొంచెం కొంచెం గ్రీజు రాశాను. ఆరాక చూస్తే మధ్య వరసలో రెండు టోపీలకు, సరిగ్గా చూపుడువేళ్లు రెండూ ఆనే చోట, కింది అంచు దగ్గర సన్నగా గీతలాగా పొంగి ఉంది. ఎంత గొప్ప సరుకైనా అచ్చు అచ్చే కదా. చాకుతో చెక్కి నున్నగా చేశాను. పొట్టు రేకు డబ్బాలో వేశాను.

మన పాత కీబోర్డులో ఆ రెండు మీటలకు గుంటలుండేవి, వేలు చూడకుండానే గుంటలో పడేది. దీనికి గుంటలు లేవు. ఊరిని తోలే లోవ ఎలా పోల్చుకుంటుందో అని దిగులు పడ్డాను. మేస్త్రిగారిని అడుగుదామనుకున్నాను. ఇంత చదువుకున్నవాళ్లకు తెలియదా, అడిగితే నవ్వుతారేమో అని ఊరుకున్నాను.

మీటలు ఎనభై ఏడు. లెక్క సరిపోయింది.

మూడో రోజు

లోవ వచ్చింది. లోవ మా చుక్కాని పిల్ల, పంతొమ్మిదేళ్లు. పిల్లలందరికీ ముందు గండి ఆట నేర్పిస్తాం, తెర మీద బొమ్మ ఊరిని ఇరుకు సందుల్లోంచి దాటించే ఆట. తొమ్మిదో ఏట నుంచి ఆ ఆటలో దీన్ని ఓడించినవాళ్లు లేరు. ఊరిపెద్ద సోమలింగంగారి మేనల్లుడు గోవిందు ఒక్కడే ఇంకా పంతం పట్టి ఆడుతుంటాడు.

"మామ్మా, ఓసారి సూపించవే. ఏలు పెట్టనులే, కళ్లే పెడతాను."

"ముహూర్తం దాకా చుక్కాని మనిషి ముట్టుకోకూడదు తల్లీ. నీకు తెలుసు కదా."

"ముట్టుకోకుండా ఎట్టాగే తోలేది? పెళ్లికొడుకునైనా ముందు సూపిత్తారు."

కొత్త కీబోర్డును చుక్కాని పీట మీద పెట్టి, బొట్టుపెట్టి, అప్పుడే మొదటిసారి చెయ్యి ఆన్చాలి. ఇది పెద్దల నుంచి వస్తున్న పద్ధతి. నేను గుడ్డ కొంచెం తొలగించి చూపించాను. నల్లటి టోపీలు నిగనిగలాడుతున్నాయి. లోవ ఈల వేసింది.

"మేత్రిగారు సెప్పారు, దీనికి గుంటలుండవంట, ఇంకోటేదో..." అంటుండగానే అవతలినుంచి ఎవరో పిలిచారు, పరుగెత్తింది. ఇంకోటేదో ఏమిటో నేను అడగలేదు. ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పడతాయేమో అన్న బెంగలో ఉన్నాను.

మీటలు ఎనభై ఏడు.

అయిదో రోజు

ఇవాళ రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

ఈ ఉదయం ముహూర్తం. తుఫాను కాలం రాబోతోంది, కనక ఊరిని ఒకసారి గండి దాటించి చూసుకోవాలి. పాత వంతెన స్తంభాలు రెండు నీళ్లలోంచి పైకి ఉన్నాయి, వాటి మధ్య సందే గండి. అది దాటితే మడ చెట్ల కాలువ, ఎంత గాలి వచ్చినా అందులో భయం లేదు. లోవ పాత కీబోర్డుతో నాలుగేళ్లుగా దాటిస్తోంది.

సగం ఊరు గండిలోకి వెళ్లాక కుడివైపు మోటార్లు ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. ఊరు అడ్డం తిరిగి తూర్పు వరస స్తంభానికి కొట్టుకుంది. వంటల పంటు చీలింది. పొయ్యి దగ్గర కూర్చున్న సన్యాసమ్మ ఎగిరి పంటు అంచు మీద పడింది. కుడిచెయ్యి మోచేతి కింద విరిగింది. సన్యాసమ్మ నా పక్క పంటు మనిషి, నలభై ఏళ్ల స్నేహం.

చుక్కాని గదికి జనం చేరేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ లోవ ఒక్కతే చుక్కాని గదిలో కూర్చుని, ఊరు కొట్టుకుపోకుండా పట్టుకుంది. తర్వాత తాళ్లతో ఊరిని వెనక్కి లాగి గండికి ఇవతలే కట్టాం.

కీబోర్డు ఇంకా నా దగ్గరకు రాలేదు. మీటలు లెక్కపెట్టలేదు.

ఆరో రోజు

చావడి పంటు మీద పంచాయితీ పెట్టారు. సోమలింగంగారు కుర్చీలో, మేస్త్రిగారు కీబోర్డు ఒళ్లో పెట్టుకుని.

లోవ నిలబడి చెప్పింది. "పై వరస మీటలు కొట్టి సెయ్యి కిందికి తెచ్చానండి. ఏలికి గీత తగలాలి, తగల్లేదు. ఒక మీట పక్కకి పడ్డాను, అంతా పక్కకి పోయింది. పీట ఎక్కగానే తడిమానండి, గీతలు లేవు. మీరేమో పోటు తిరిగిపోతంది, కానీ కానీ అన్నారు. లెక్కతో తోలేద్దామనుకున్నాను. అది నా తప్పే."

"ఏం గీతలు?" అన్నారు పెద్దగారు.

మేస్త్రిగారు పెట్టెలోని కాగితం చూపించారు. అందులో కీబోర్డు బొమ్మ. మధ్య వరసలో రెండు మీటల మీద చిన్న గీతలు. ఆ కాలంలో గుంటల బదులు గీత పెట్టేవారట, వేలు చూడకుండా ఇల్లు చేరడానికి. తర్వాత టోపీలు రెండూ పీకి ఎండలోకి పెట్టారు.

"గీతలు లేవు నిజమే. కానీ ఇక్కడ చాకు గాట్లున్నాయి" అన్నారు మేస్త్రిగారు.

నాకు చెవుల్లో హోరు మొదలైంది. తర్వాతి మాటలు నీళ్ల కిందినుంచి విన్నట్టు విన్నాను.

"పావుగంట ఒక్కతే ఉంది. నడుముకు వల చాకు ఉంది" అన్నాడు గోవిందు. "ఊరిని స్తంభానికి కొట్టేసింది, సాకు కోసం గీకేసింది. అంతే కదా మావా."

"నోరు ముయ్యరా" అంది లోవ. "పావుగంటా నా రెండు సేతులూ తొడుగుల్లోనే ఉన్నాయి. ఊరిని ఎవరు పట్టుకున్నారనుకున్నావు, నీ బాబా?"

సోమలింగంగారు చెయ్యెత్తి ఆపారు. మేస్త్రిగారు నా వైపు తిరిగారు. "పేరంటాలు పిన్నీ, ఇరవై రెండేళ్లలో ఒక్క మీట పోగొట్టిన మనిషివి కాదు. నీ మాట చాలు. పెట్టెలోంచి తీసి కడిగినప్పుడు ఈ గీతలున్నాయా?"

చావడి అంతా నా ముఖం చూస్తోంది. చెప్పాలనే నోరు తెరిచాను. చెబితే ఏమవుతుంది, చాకు లాక్కుంటారు, పని పోతుంది, సన్యాసమ్మ చెయ్యి విరగ్గొట్టింది ఇదే అంటారు, అని ఒక్క రెప్పపాటులో అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఉన్నాయి బాబూ. కడిగినప్పుడు ఉన్నాయి."

అబద్ధం కాదు. కడిగినప్పుడు ఉన్నాయి. ఆరాక చెక్కాను. ఈ మాట నాకు నేను చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను, ఒక్క అడుగు కూడా అది నిలబడలేదు.

లోవ నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను ఏదో పొరపాటు పడ్డానేమో, ఇంకో మాట అంటానేమో అని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను తల వంచుకున్నాను.

సోమలింగంగారి తీర్పు, ఇకమీదట లోవ చుక్కాని పీట ఎక్కకూడదు, మీట ముట్టుకోకూడదు. గోవిందు తోలతాడు.

మీటలు ఎనభై ఏడు. లెక్క సరిపోయింది. లెక్కలో ఏముంది.

ఎనిమిదో రోజు

పొద్దున సన్యాసమ్మకు గంజి తాగించాను. కుడిచేతికి వెదురు బద్దలు కట్టారు.

"ఎడంసేత్తో తినలేనే, సిగ్గేత్తంది" అంది. "ఆ పిల్లని ఏమనాలే పేరంటాలూ? తెలీక కొట్టుకుంటే కొట్టుకుంది, ఎవరికైనా అవుద్ది. గీకి అబద్ధం సెప్పడవేంటి? ఇంత పిల్లప్పుడు నా వొళ్లో కూకుని రొట్టె తినేది."

గంజి గరిటె ఆమె నోటికి అందకముందే వంచేశాను, చీర మీద ఒలికింది.

"నీకేవైందే? నువ్వు నాకన్నా ముసిల్దానివైపోయేవు రెండ్రోజుల్లో."

"ఏం లేదు. గాలి మారింది కదా, మోకాళ్లు" అన్నాను.

తిరిగి వస్తుంటే వల పంటు మీద లోవ కనిపించింది, చేపలు చీలుస్తోంది. మీట ముట్టుకోకూడదని దానికి ఇచ్చిన పని అది. చేతికి చాకు ఇచ్చేటప్పుడు ఎవరో "జాగర్త, ఇదీ గీకేత్తదేమో" అన్నారట, అందరూ నవ్వారట. లోవ తలెత్తలేదు. చీలుస్తూ చీలుస్తూ మధ్యలో ఆగి ఎడమచెయ్యి బల్ల మీద పరిచి, కళ్లు మూసుకుని వేళ్లు ఆడించింది, ఉన్నట్టుండి ఆపేసి చేతిని చీరకొంగులో దాచుకుంది. నేను బుట్టల చాటున నిలబడి చూశాను. ముందుకు వెళ్లలేదు.

చావడిలో గోవిందు గండి ఆట ఆడుతున్నాడు. అయిదుసార్లు దాటిస్తే మూడుసార్లు కొట్టేశాడు. "తెర మీద వేరు, అసలుది వేరులే" అంటున్నారు సోమలింగంగారు. ఆ మాట ఆయనకే నమ్మకం లేదు, గొంతులో తెలుస్తోంది.

మీటలు ఎనభై ఏడు. ఆ రెండింటినీ కడుగుతుంటే వేలు కాలినట్టుంది.

తొమ్మిదో రోజు

పొద్దున్నే ఎర్ర జెండా ఎగరేశారు. తుఫాను రేపు మధ్యాహ్నానికి. ఊరంతా గండి దాటి కాలువలోకి పోవాలి. నాలుగు వందల మంది. గోవిందు తోలతాడు.

ఈ పుస్తకం తెరిచి మొదటి పేజీ చూశాను. చాకుతో చెక్కి నున్నగా చేశాను, అని నా వంకర అక్షరాలే. నేను రాసిందే. ఎవరూ చదవరు, చదవలేరు. అయినా ఆ పేజీ అంచు పట్టుకుని లాగాను. కుట్టు దగ్గర అంగుళం చిరిగింది. ఆ చిరుగు ఇప్పుడూ ఉంది, చూసేవాళ్లు చూడొచ్చు. అక్కడితో ఆగాను. మంచితనంతో ఆగలేదు. చిరిగిన చప్పుడు ఎవరైనా విన్నారేమో అని భయపడి ఆగాను.

పుస్తకం చంకన పెట్టుకుని సన్యాసమ్మ దగ్గరకు వెళ్లాను. చెప్పేశాను. గీతల్ని అచ్చు పొంగులనుకున్న దగ్గర్నుంచి, కడిగినప్పుడు ఉన్నాయి అన్న దాకా.

సన్యాసమ్మ విరిగిన చెయ్యి వైపు చూసుకుంది.

"ఇది అతుక్కుద్ది" అంది. "ఆ పిల్ల సేతులో?"

"నన్ను తిట్టవే."

"తరవాత తిడతాను, తీరిగ్గా, బతికినన్నాళ్లూ తిడతాను. ఇప్పుడు లెగు."

"నాకు భయంగా ఉందే. నా మాట నమ్మరు. పిల్లని కాపాడ్డానికి చెబుతున్నాననుకుంటారు. రేపు చెబుతాను."

"రేపు గోయిందుగాడు మనందర్నీ తంబానికి ఏసి బాదేత్తాడు, అప్పుడు ఎవరికి సెప్తావు, సేపలకా? లెగమన్నానా! నాకు ఒక సెయ్యుంది, నిన్ను ఈడ్సుకుపోడానికి అది సాలు."

నిజంగానే ఎడమచేత్తో నా రెక్క పట్టుకుని ఈడ్చింది. దారిలో నా రేకు డబ్బా గుర్తొచ్చి, ఒక్క నిమిషం ఆగమని అడిగి ఇంట్లోంచి తీసుకున్నాను.

చావడిలో అందరూ తాళ్లు సర్దుకుంటున్నారు. లోవ కూడా ఒక మూల గొలుసులు మోస్తోంది. సన్యాసమ్మ అరిచింది, "ఆగండెహె! ఇది సెప్పేది ఇనండి!"

నేను మొదటి పేజీ పైకి చదివాను. నా రాత నాకే సరిగా కనపడలేదు, కళ్లలో నీళ్లు. చెక్కి నున్నగా చేశాను అన్న మాట మాత్రం రెండుసార్లు చదివాను.

సోమలింగంగారు నమ్మలేదు. "పిల్ల మీద జాలితో అంటున్నావు పేరంటాలూ. పుస్తకంలో ఇవాళ రాసుకుని వచ్చినా మాకేం తెలుస్తుంది?"

డబ్బా నేల మీద బోర్లించాను. మా టోపీల పొట్టు అంతా బూడిదరంగు, తేలివచ్చిన ప్లాస్టిక్కు రంగు. ఆ బూడిద కుప్పలో నల్లటివి రెండు ముక్కలు. వెంట్రుక అంత సన్నం, గోరు సగం అంత పొడవు. మేస్త్రిగారు కాగితం కొసతో వాటిని వేరుచేసి అరచేతిలో వేసుకున్నారు. పంటుపేటలో నల్ల ప్లాస్టిక్కు ఇంకెక్కడా లేదు.

"పిన్నీ" అన్నారు మేస్త్రిగారు. సంతకం పెడుతూ ఒక్కసారైనా పుస్తకం చదవని మనిషి ఆయన, ఆ సంగతి ఆయన ముఖంలో కనపడింది. నాకది ఇంకా బరువనిపించింది.

లోవ గొలుసు కింద పెట్టి వచ్చింది. నా ముందు నిలబడింది.

"నాలుగు రోజులు మామ్మా" అంది. "నాలుగు రోజులు నా ఏళ్లని నేనే నమ్మలేదు. పిచ్చిదాన్నయిపోయానేమో, ఉన్న గీతలు నాకే తగల్లేదేమో, నేనే గీకేసి మర్సిపోయానేమో అని కూడా అనుకున్నాను. నువ్వు సెప్పేవు కదా, ఉన్నాయని. నువ్వు సెప్పేవు కాబట్టి నమ్మేను."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. క్షమించు అనలేదు. అడిగే మాట కాదది.

సోమలింగంగారు గోవిందు వైపు చూశారు. గోవిందు తనే తొడుగుల సంచి తెచ్చి లోవ చేతిలో పెట్టాడు. "నువ్వే తోలవే బాబూ. నాకు తెర మీదే దాటడం రాటం లేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు గానీ అందరికీ ఊపిరి ఆడింది.

గీతలు లేకుండా పీట ఎక్కనంది లోవ. పాత టోపీలు పెడదామంటే మా కాడ చదరం, దీని కాడ కూడిక గుర్తు ఆకారం, కూర్చోవు. పాత కీబోర్డే పెడదామంటే గాలిలో పది మోటార్లు ఒకేసారి తిప్పాలి, అది ఏడో వేలికే మూగబోతుంది. నల్ల ముక్కల్నే సూది కాల్చి తిరిగి అతికించొచ్చని నాకు తెలుసు. బుడగలు పడ్డ టోపీలను అలాగే పూడుస్తాను. సూది తీయబోయాను.

"నువ్వు ముట్టుకోకు" అంది లోవ.

సూది తనే తీసుకుంది. నేను వెనకాల నిలబడి నోటితో చెప్పాను. ఎర్రగా కాదమ్మా, ఆవిరి వచ్చేదాకానే కాల్చు. ముక్కను ముందు ఆన్చి, ఆ తర్వాత సూది పక్కనుంచి జరుపు. ఊదకు, దానంతట అదే ఆరాలి. చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాను, ముందుకు పోతాయేమోనని. మొదటి గీత వంకరగా వచ్చింది. రెండోది కొంచెం పొట్టిగా. లోవ టోపీలు పెట్టి, కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తి కిందికి దించింది. పది సార్లు. పదిసార్లూ వేళ్లు ఇల్లు చేరాయి.

మీటలు ఎనభై ఏడు. ఈరోజు నేను ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

పన్నెండో రోజు

కాలువలో ఉన్నాం. రెండు రోజులు రాయడానికి వీలు కాలేదు.

పదో రోజు పొద్దున్నే ఊరు గండి దాటింది. నేను సన్యాసమ్మ పంటులో, ఆమె విరిగిన చేతికి దిండు అడ్డం పెట్టి పట్టుకుని కూర్చున్నాను. నేల పలకకు చెవి ఆన్చాను. మోటార్ల మోత ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, మళ్లీ నిలకడగా. స్తంభం మా కిటికీ పక్కనుంచి వెళ్లింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర, నాచు వాసన కూడా వచ్చింది. తగల్లేదు. మధ్యాహ్నం గాలి మడ చెట్ల మీదుగా వెళ్లిపోయింది. నాలుగు వందల మందీ ఉన్నారు.

"నీ గురించే తిట్టుకుంటా దాటేను గండి" అంది సన్యాసమ్మ. "తిట్లన్నీ అయిపోయేయి. మళ్లీ కొత్తవి ఎతుక్కోవాలి." గంజి మాత్రం నా చేత్తోనే తాగింది.

పంచాయితీ నా చాకు తీసుకుంది. అది మేస్త్రిగారి బీరువాలో ఉంది. కడగడం మాత్రం నాకే ఉంచారు, ఇంకెవరికీ రాదు కాబట్టి. మేస్త్రిగారు ఇప్పుడు ప్రతి పేజీ చదివి సంతకం పెడుతున్నారు. అర్థం కాని అక్షరం ఉంటే పిలిచి అడుగుతున్నారు. నాకు ముఖం ఎత్తి సమాధానం చెప్పడం రావడం లేదు, అయినా చెబుతున్నాను.

ఈరోజు తుఫాను తర్వాత మొదటిసారి కీబోర్డు కడగడానికి వచ్చింది. గుడ్డ విప్పితే మధ్య వరసలో రెండు ఖాళీలు. పళ్లు ఊడినట్టు, కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. పోగొట్టానా అని గది అంతా వెతికాను. తర్వాత మేస్త్రిగారు చెప్పారు, ఆ రెండు టోపీలూ లోవ మెళ్లో చిన్న సంచిలో వేసుకుందట. తనే కడుక్కుంటుందట, తనే పెట్టుకుంటుందట. ఇకమీదట అంతేనట.

అంతే మరి. అలా కాకపోతే నాకే తప్పుగా ఉండేది.

ఖాళీల చుట్టూ కుంచెతో ఉప్పు దులిపాను, కాడలకు తగలకుండా.

మీటలు ఎనభై అయిదు.

ఇరవయ్యో రోజు

మీటలు ఎనభై అయిదు. పొడుగు మీట తీగకు గ్రీజు రాశాను. లోవ గుమ్మం దగ్గరకు వచ్చి కీబోర్డు తీసుకుపోయింది. మామ్మా అనలేదు.

ముప్ఫై నాలుగో రోజు

పొద్దున కీబోర్డు పెట్టి వెళ్లారు. గుడ్డ విప్పాను, టోపీలు పీకాను, కడిగాను, ఆరబెట్టాను. లెక్క పెట్టాను. తప్పు వచ్చింది. మళ్లీ పెట్టాను. ముసలి కళ్లు కదా అని మూడోసారి ఒక్కో టోపీని వేలితో తాకుతూ లెక్క పెట్టాను. అప్పుడు తగిలింది, వంకరగా, సూదితో అతికిన గీత. ఎడమచేతి చూపుడువేలిది. కుడిచేతిది లేదు.

పొరపాటున వచ్చిందేమో అని పరుగెత్తుకుంటూ మేస్త్రిగారి దగ్గరకు వెళ్లాను. ఆయన వల పంటు వైపు చూపించారు. లోవ అక్కడ తాడు పేనుతోంది, మెళ్లో సంచి వేలాడుతోంది. నన్ను చూసింది. చేతిలో పని ఆపలేదు.

"దాంట్లో ఉప్పు దిగిందే మామ్మా. నాకు సరిగ్గా పోటం లేదు" అంది.

మళ్లీ తాడు వైపు తిరిగింది.

ఇంటికి వచ్చి ఆ టోపీని విడిగా గుడ్డ మీద నీడలో పెట్టాను. చాకు లేదు, ఉన్నా తీసేదాన్ని కాదు. గీత చుట్టూ తడిగుడ్డ కొసతో తుడిచాను, గీత మీద మాత్రం గుడ్డ ఆన్చలేదు. ఆరాక కాడ మీద పెట్టి నొక్కాను. కూర్చుంది.

మీటలు ఎనభై ఆరు.